క్షయ కాని క్షయ: ఆరోగ్యవరంలో శ్వాసకోశ వ్యాధి నిర్ణయ చరిత్ర

తెలుగులో 'క్షయ' రోగానికి పేరు కావడానికి ముందు ఒక స్థితికి పేరు. తరిగిపోవడం దాని అర్థం. ఆయుర్వేదం రాజయక్ష్మంగా వర్ణించిన వ్యాధిలోనూ శరీరం శుష్కించడమే ముఖ్య లక్షణం. విడవని దగ్గు, సాయంకాలపు జ్వరం, చిక్కిపోవడం కలిసి కనిపిస్తే లోకవ్యవహారంలో ఆ పేరే స్థిరపడేది. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ సూక్ష్మక్రిమిని కనుగొన్నట్లు ప్రకటించిన తరువాత శాస్త్రంలో పేరు క్రిమికి ముడిపడింది. వాడుకలో మాత్రం లక్షణాలనే అంటిపెట్టుకొని ఉంది. ఈ ఎడం వల్ల కలిగిన చిక్కును విప్పడంలో మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం నిర్వహించిన పాత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

స్థలమే ఔషధమైన కాలం

వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మదనపల్లెలో క్షయ శానిటోరియాన్ని ప్రారంభించాయి. 1915లో అది ఊరి వెలుపలి విశాల స్థలానికి మారింది. ఆ స్థలమే ఆరోగ్యవరం. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మొల్లర్ దాని తొలి అధిపతి. క్షయకు మందు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, పొడిగాలి మాత్రమే చికిత్స. అందువల్ల స్థలనిర్ణయమే వైద్యంలో సగం. దక్షిణాంధ్రకు తూర్పు కొసన, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ, శ్రీహరికోట దాదాపు సముద్రమట్టంలో ఉంది. పడమట మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. తేమగాలి తీరంకంటే పొడిగాలి మిట్ట మేలన్నది నాటి వైద్యుల విశ్వాసం.

గాలిమార్పుకు తోడుగా శానిటోరియంల కాలంలో ప్రచారంలోకి వచ్చిన ప్రక్రియ కృత్రిమ న్యూమోథొరాక్స్. ఇటలీ వైద్యుడు ఫోర్లానీని దీనిని 1882లో ప్రతిపాదించాడు. ఊపిరితిత్తిని కప్పి ఉండే ఫుప్ఫుసావరణానికి రెండు పొరలుంటాయి. పక్కటెముకల సందునుంచి సూది దించి ఆ పొరల నడుమకు గాలి ఎక్కిస్తే ఊపిరితిత్తి ముడుచుకొని, పుండుపడిన భాగానికి విశ్రాంతి దొరుకుతుంది. శరీరం ఆ గాలిని పీల్చుకొంటుంది కనుక తరచుగా మళ్ళీ ఎక్కించవలసి వచ్చేది. పొరల మధ్య నీరో చీమో చేరే ప్రమాదమూ ఉండేది. ఇంతటి చికిత్స క్షయ లేనివారికి జరిగితే నష్టమే తప్ప లాభం లేదు. కాబట్టి 'ఇది నిజంగా క్షయేనా?' అన్నది కేవలం శాస్త్రజిజ్ఞాస కాదు.

1940: పేరును విడదీసిన వ్యాసం

ఈ ప్రశ్నకు ఆరోగ్యవరం ఇచ్చిన ముఖ్యమైన సమాధానం 1940లో వెలువడింది. ఫ్రిమోడ్ట్ మొల్లర్, ఆర్‌.ఎం. బార్టన్ కలిసి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. క్షయను పోలి, క్షయ కాని ఒక స్థితిని అది వర్ణించింది. ఈ రోగులకు దగ్గు, ఆయాసం, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయి. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ చుక్కలు చుక్కలుగా నీడలు కనిపించాయి. కాని కఫంలో క్షయక్రిమి లేదు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు మాత్రం విపరీతంగా పెరిగి ఉన్నాయి.

ఛాయాచిత్రం ఒకటి చెప్పగా కఫమూ రక్తమూ మరొకటి చెప్పాయి. పరీక్షలు పరస్పరం విభేదించినప్పుడు ఒకదానికే తలవంచక, ఆ విభేదాన్నే ఆధారంగా గ్రహించడం ఈ వ్యాస ప్రత్యేకత. క్షయ కోసమే వెలసిన సంస్థ 'ఇది క్షయ కాదు' అని నిర్ధారించడం గమనార్హం. నెలల తరబడి ఇల్లు విడిచి ఉండడం, పెళ్ళి సంబంధాలు తప్పిపోవడం, పంక్తిలో దూరం పెట్టడం ఆ ఒక్క పేరుతో ముడిపడిన సమాజంలో, పేరు తొలగించడమే సగం చికిత్స.

1943లో వీన్‌గార్టెన్ ఈ వ్యాధికి 'ట్రాపికల్ ఇసినోఫీలియా' అని పేరు పెట్టి, పాషాణ సంబంధమైన మందుతో నయమవుతుందని లాన్సెట్ పత్రికలో తెలిపాడు. కారణం మాత్రం అప్పటికింకా అస్పష్టమే. 1960లో పొరుగున ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ రోగుల ఊపిరితిత్తుల్లోనే ఫైలేరియా క్రిమిపిల్లలను చూపారు. బోదకాలు తెచ్చే దోమకాటు జాడ ఆ విధంగా ఊపిరితిత్తుల్లో బయటపడింది.

శానిటోరియం నుంచి ఇంటికి

తరువాతి దశలో ఆరోగ్యవరం తన ప్రాంగణాన్ని దాటింది. 1950 నుంచి యోహానెస్ ఫ్రిమోడ్ట్ మొల్లర్ బృందం మదనపల్లె పరిసర గ్రామాల్లో ట్యుబర్‌క్యులిన్, ఎక్స్‌రే, కఫ పరీక్షలతో జనసామాన్యంలో క్షయ వ్యాప్తిని అధ్యయనం చేసింది. బి.సి.జి. టీకా రక్షణశక్తిని కూడా పరీక్షించింది. 1956లో మద్రాసులో మొదలైన మరొక పరిశోధన, మందులు సక్రమంగా వాడితే ఇంటివద్ద చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని నిరూపించింది. 1959లో వెలువడిన ఆ ఫలితాలతో గాలి మంచి చోటే ఔషధమన్న వాదం సడలింది.

పొడిగాలి మిట్టను వెతుక్కొంటూ మొదలైన సంస్థ, దోమలవల్ల వచ్చే రోగాన్ని క్షయనుంచి వేరు చేయడానికి దారి తీసింది. స్థలం మీది నమ్మకం తగ్గినా, కఫాన్నీ రక్తాన్నీ నిదానంగా చూసే అలవాటు విలువ తగ్గలేదు. ఎవరి దగ్గుకైనా పేరు పెట్టే ముందు ఒకటికి రెండు పరీక్షలు చేయడమే ఆరోగ్యవరం మిగిల్చిన వారసత్వం.