ఊట: ఒక ఉప్పునీటి ప్రయాణం

అమెరికాలో ఇంటి విందులకు కలిపే కాక్‌టెయిల్‌లలో ఈమధ్య తరచుగా వినిపిస్తున్న పేరు పికిల్ మార్గరీటా. టెకీలా, నారింజ లిక్కర్, నిమ్మరసం అనే పాత త్రయానికి, ఊరవేసిన దోసకాయల సీసాలో మిగిలిన ఉప్పునీటిని కొద్దిగా చేర్చి మంచుముక్కలతో గిలకొట్టడమే దీని తయారీ. తీపి వెనక్కి తగ్గి, ఉప్పూ పులుపూ ముందుకు వస్తాయి. ఊరగాయను అన్నంలోకి తప్ప ఊహించని మనకు ఇది వేళాకోళంలా తోచవచ్చు. కాని ఈ గ్లాసులోని వస్తువులు ఎక్కడినుంచి, ఎందుకు వచ్చాయో పరిశీలిస్తే ఇందులో వింత ఏమీ లేదని తెలుస్తుంది. ఉప్పు పులుపుల ఊట ఒకప్పుడు ప్రాణావసరంగా పుట్టింది. అవసరం తీరిపోయాక రుచిగా మిగిలింది. ఆ సుదీర్ఘ చరిత్రలో పికిల్ మార్గరీటా ఒక తాజా ఘట్టం మాత్రమే.

పువ్వు పేరు, పండ్ల ఊరు

మార్గరీటా పుట్టుకకు హక్కుదారులు చాలామంది ఉన్నారు. 1938లో తిహ్వానా సమీపంలోని తన రెస్టారెంటులో కార్లోస్ హెరేరా దీన్ని మొదట కలిపాడని ఒక కథ. 1942లో సరిహద్దు పట్టణమైన సియుదాద్ హ్వారెస్‌లో పాంచో మొరాలెస్ కలిపాడని మరొకటి. 1948లో అకపుల్కోలోని తన విడిదింట్లో మార్గరీటా సేమ్స్ అనే సంపన్న మహిళ అతిథుల కోసం కలిపిందని ఇంకొకటి. అచ్చులో దొరికే ఆధారం మాత్రం వీటన్నింటికన్నా పాతది. 1937లో లండన్‌లో వెలువడిన కఫే రాయల్ కాక్‌టెయిల్ బుక్‌లో ఇవే మూడు వస్తువుల కలయిక పికడార్ అన్న పేరుతో ఉంది. అంతకుముందునుంచే అమెరికాలో డెయిజీ అనే పానీయవర్గం ప్రసిద్ధం: ఏదో ఒక ఘాటైన మద్యం, పుల్లని పండ్లరసం, తియ్యని లిక్కర్. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం అమలైన రోజుల్లో అమెరికన్లు గొంతు తడుపుకోవడానికి సరిహద్దు దాటి మెక్సికో వెళ్ళేవారు. డెయిజీ పువ్వుకు స్పానిష్ పేరు మార్గరీటా. ఒక స్త్రీ చుట్టూ అల్లిన కథలకన్నా, టెకీలాతో కలిపిన డెయిజీయే అక్కడి భాషలో పేరు మార్చుకుందన్న వాదన నాకు సబబుగా కనిపిస్తుంది.

ఈ మూడింటిలో అచ్చంగా మెక్సికోది టెకీలా ఒక్కటే. మన రైలుకట్టల వెంబడి, చేలగట్ల మీద కంచెగా పెరిగే కిత్తనారకు దగ్గరి బంధువైన నీలి అగేవ్ మొక్క నడిబొడ్డును ఉడికించి, పులియబెట్టి, బట్టీపట్టి దాన్ని తీస్తారు. నిమ్మజాతి పండ్లు ఆసియావి. 1493లో కొలంబస్ రెండవ యాత్రలో వాటి విత్తనాలు అట్లాంటిక్ దాటాయి. నారింజ అన్న మాట కూడా వాటితో ప్రయాణించినదే. సంస్కృతంలో నారంగమైన ఆ పదం ద్రావిడ మూలం కలదని పలువురు భాషావేత్తల అభిప్రాయం. అదే పారశీక, అరబ్బీ భాషల మీదుగా స్పెయిన్ చేరి నరాన్హా అయింది. మార్గరీటా అనే పేరు పుట్టడానికి శతాబ్దాల ముందే అందులోని పులుపు తూర్పునుంచి బయలుదేరింది.

మామిడి లేని మ్యాంగో

ఆంగ్లంలోని పికిల్ అన్న మాటకు మూలం డచ్చి భాషలోని పెకెల్. దాని అర్థం ఉప్పునీరు. వారి మాట ద్రవాన్ని చెబితే, మన ఊరగాయ అందులో ఊరిన కాయను చెబుతుంది. ఆ ద్రవానికి మనకు ఊట అనే మరో చక్కని మాట ఉండనే ఉంది.

దోసజాతికి చెందిన కీరా స్వస్థలం హిమాలయ పాదప్రాంతాలని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. అక్కడినుంచి పడమరకు వెళ్ళి, తూర్పు యూరప్ చలికాలానికి తట్టుకోవడానికి ఉప్పునీటి పీపాల్లో చేరింది. పందొమ్మిదవ శతాబ్దం చివర వలసవచ్చిన యూదులు వెల్లుల్లి, సోయకూర వేసిన ఆ పీపాలను న్యూయార్క్ వీధుల్లోకి తెచ్చారు. ఇప్పుడు ఆ కాయే తిరుగు ప్రయాణంలో ఉంది. 1990ల ఆరంభంలో కర్ణాటకలో మొదలైన గెర్కిన్ దోసకాయల ఎగుమతి సాగు తమిళనాడుకూ, తెలుగు నేలకూ వ్యాపించింది. అమెరికా దుకాణంలో కొన్న సీసా మీది అట్టను తిప్పి చూస్తే భారతదేశం పేరు కనిపించడం అరుదేమీ కాదు.

మామిడి కథ ఇంతకన్నా విచిత్రం. మాంగాయ్ అన్న దక్షిణదేశపు మాట పోర్చుగీసుల నోట మంగా అయి, ఆంగ్లంలో మ్యాంగో అయింది. నెలల తరబడి సాగే ఓడప్రయాణంలో పచ్చికాయ నిలవదు కనుక, ఆంగ్లేయులలో చాలామంది తొలిసారి రుచిచూసిన మామిడి ఊరవేసినదే. అందువల్ల మ్యాంగో అనే మాటకు ‘ఊరవేసిన కాయ’ అన్న అర్థమే స్థిరపడింది. 1699లో జాన్ ఈవ్లిన్ రాసిన అసిటారియాలో కీరాతో చేసే మ్యాంగో ఉంది. 1824లో మేరీ రాండాల్ఫ్ ప్రచురించిన ది వర్జీనియా హౌస్‌వైఫ్‌లో నూనె మ్యాంగోలు ఉన్నాయి. వాటిలో మామిడి లేదు. చిన్న పుచ్చజాతి కాయలను ఉప్పునీటిలో నానబెట్టి, అల్లం, ఆవాలు, పసుపు, వెల్లుల్లి, నూనెలతో కూరిన ముద్దను వాటిలో నింపుతారు. ఆవకాయ తెలిసినవారికి ఆ దినుసుల పట్టిక చదువుతుంటే దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టుంటుంది. అమెరికా మధ్యపశ్చిమాన కూరిన బెంగుళూరు మిరపను మ్యాంగో అని పిలిచే అలవాటు ఇటీవలి తరాల దాకా నిలిచింది. కాయ రాకపోయినా ఊట వచ్చింది; ఊటతోపాటు పేరు వచ్చింది.

చెమట నేర్పిన రుచి

ఊరవేయడం మొదట రుచి కోసం కాదు, నిలవ కోసం. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది. లాక్టిక్ ఆమ్లమో వినిగరో ఆమ్లత్వాన్ని పెంచుతుంది. పీహెచ్ 4.6కు దిగువన బొట్యులిజం కలిగించే సూక్ష్మజీవి పెరగలేదు. మన అమ్మమ్మలకు ఈ అంకె తెలియదు, జాడీ తెలుసు.

అదే ఊట దాహం తీర్చే పానీయంగానూ పనికివచ్చింది. రోమన్ సైనికులు వినిగర్ కలిపిన నీటిని పోస్కా అనే పేరుతో తాగేవారు. మన కోస్తా పల్లెల్లో తరవాణి, ఎండలో పనిచేసి వచ్చినవారికి ఉప్పు వేసి నిమ్మకాయ పిండిన మజ్జిగ ఈ కోవలోనివే. 2000 సెప్టెంబరు 3న టెక్సస్‌లో 109 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో డాలస్ జట్టును ఓడించిన ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆటగాళ్ళు, తమను కండరాల పట్టు నుంచి కాపాడింది ఊరగాయ నీళ్ళేనని చెప్పడంతో ఆ ద్రవానికి కొత్త ప్రఖ్యాతి వచ్చింది. 2010లో కెవిన్ మిల్లర్ బృందం దాన్ని పరీక్షించింది. విద్యుత్ ప్రేరణతో కాలి కండరం పట్టేలా చేసినప్పుడు, ఊరగాయ నీళ్ళు తాగినవారికి మంచినీళ్ళు తాగినవారికన్నా సుమారు 37 శాతం త్వరగా పట్టు వీడింది. అయితే అంతలోనే రక్తంలోని లవణాలలో మార్పేమీ రాలేదు. ఉపశమనం కడుపునుంచి కాక గొంతులోని నాడుల ప్రతిస్పందన నుంచి వచ్చి ఉండాలని వారి ఊహ. శరీరానికి ఉప్పు అందకముందే గొంతు ఉప్పును గుర్తించిందన్నమాట. 2006లో బ్రూక్లిన్‌లోని ఒక బారులో విస్కీ వెంట ఊరగాయ నీళ్ళు తాగే పికిల్‌బ్యాక్ అలవాటు మొదలైంది. ఆ నీళ్ళు మార్గరీటాలోకి రావడానికి అక్కడినుంచి అట్టే దూరం లేదు.

ఇంట్లో కలుపుకునే విధం

ఒకరికి టెకీలా 45 మిల్లీలీటర్లు, నారింజ లిక్కర్ 20, అప్పుడే పిండిన నిమ్మరసం 25, కీరా ఊట 20. మంచుతో బాగా గిలకొట్టి వడగట్టాలి. గ్లాసు అంచుకు ఉప్పు అద్దదలిస్తే సగం అంచుకే చాలు. ఉప్పు లోపల ఉండనే ఉంది.

మన జాడీతో ప్రయత్నించేవారు ఆవకాయ జోలికి పోకపోవడం మంచిది. నూనె తెట్టుగా తేలుతుంది. తగినది మాగాయ ఊట. ఉప్పూ పసుపూ కలిపిన మామిడిముక్కలను మూడు రోజులు ఊరనిచ్చి, ముక్కలను పిండి ఎండకు పెట్టాక మిగిలే పసుపురంగు ద్రవం అది. కారం, నూనె ఇంకా చేరనిది. కీరా ఊటకన్నా అది ఎన్నోరెట్లు ఉప్పన కనుక ఒక్క చెంచాకు మించరాదు.

అవసరం పోయాక

వైద్యుడిగా ఇక్కడ కొంత లెక్క చెప్పక తప్పదు. పై కొలతలో శుద్ధమైన ఆల్కహాలు సుమారు 20 గ్రాములు ఉంటుంది. అమెరికాలో ఒక ప్రామాణిక పానీయం అంటే 14 గ్రాములు. ఒక గ్లాసు తాగినవారు నిజానికి ఒకటిన్నర తాగినట్టు. ఉప్పు చేదును అణచి ఇతర రుచులను పైకి తెస్తుందని 1997లో బ్రెస్లిన్, బోషాంప్ నేచర్ పత్రికలో చూపించారు. మద్యంలో కాస్త చేదు ఉంటుంది కనుక ఊట చేరిన గ్లాసు సాఫీగా దిగుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది. ఉప్పునీరు కనుక ఒంట్లో నీటిని నిలుపుతుందన్న నమ్మకమూ చెల్లదు: నీటిని మూత్రంలో పోనీయకుండా ఆపే వాసోప్రెసిన్‌ను ఆల్కహాలు అణచివేస్తుంది. 3 శాతం ఉప్పున్న ఊట 20 మిల్లీలీటర్లలో 0.6 గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి సూచించిన హద్దు 5 గ్రాముల లోపు. పప్పు, కూర, పచ్చడి, అప్పడం అయ్యాక ఆ హద్దులో ఎంత మిగులుతుందో మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. రక్తపోటుకు మందులు వాడుతున్నవారు ఈ లెక్కను మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

దుక్కి దున్ని ఒళ్ళంతా ఉప్పు కార్చిన తాతలకు ఊరగాయ ముక్క పోయినదాన్ని తిరిగి ఇచ్చింది. వారి మనవలం చల్లని గదుల్లో తెరల ముందు కూర్చుని పనిచేస్తున్నాం; చెమట ఆగింది, నాలుక మాత్రం మారలేదు. విమానాశ్రయాల్లో తనిఖీలు దాటి జాడీలను మోసుకొస్తూనే ఉన్నాం. అది తప్పని నేను అనను. ఓడల్లో ప్రయాణించిన మామిడికాయ పరాయిదేశంలో తన పేరును నిలుపుకున్నది ఆ ఉప్పునీటి వల్లనే. అయితే ఆ తాతల చెమట మనకు లేదు కనుక, వారి జాడీలోంచి మనం తీసుకునే ఊట చెంచాతో కొలిచినదై ఉండాలి.