చేరిన ఫైలు, చేరని ఫైలు: నెట్‌వర్కు దోషనిర్ధారణ పద్ధతుల చారిత్రక పరిశీలన (1969–2000)

వ్యాససంగ్రహం:
కార్యాలయంలో ఒక ఫైలు ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు చేరనప్పుడు దోషం ఎక్కడుందో తేల్చడానికి నేడు అనుసరిస్తున్న పద్ధతులు ఒక్కసారిగా ఏర్పడినవి కావు. ఒక్కొక్క వైఫల్యం నుంచి ఒక్కొక్క పరీక్ష పుట్టింది. 1969 నుంచి 2000 వరకు జరిగిన ముఖ్యఘట్టాల ఆధారంగా ఆ పరిణామక్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మధ్యనున్న యంత్రాలు ఎన్ని హామీలు ఇచ్చినా, ఫైలు సరిగా చేరిందో లేదో నిర్ణయించవలసింది దానిని చివరన అందుకున్నవారే అని ఈ చరిత్ర తెలియజేస్తుంది. తెలుగు ఫైళ్ల విషయంలో ఈ నిర్ణయానికి ఉన్న ప్రత్యేక ప్రాధాన్యాన్ని కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అర్పానెట్, ఎఫ్.టి.పి., దోషనిర్ధారణ, పింగ్, ఫైర్‌వాల్, తెలుగు సంకేతీకరణ, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:
“ఫైలు వెళ్లడం లేదు”, “నెట్ రావడం లేదు” అనేవి కార్యాలయాలలో నిత్యం వినిపించే ఫిర్యాదులు. జ్వరం అనేక రోగాలకు లక్షణమైనట్లే ఈ ఫిర్యాదుల వెనుక కూడా అనేక కారణాలు ఉంటాయి. తీగ ఊడిపోవచ్చు. అవతలి కంప్యూటరు చిరునామా దొరకకపోవచ్చు. దారిలో రద్దీ పెరగవచ్చు. సర్వరు అనుమతి నిరాకరించవచ్చు. డిస్కులో చోటు లేకపోవచ్చు. ఫైలు చేరినా అందులోని అక్షరాలు చెదిరిపోవచ్చు. తెర ముందు కూర్చున్న ఉద్యోగికి మాత్రం ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఈ కారణాలను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసి చూడడమే దోషనిర్ధారణ. కంప్యూటరు నెట్‌వర్కుల చరిత్రను సాధారణంగా ఆవిష్కరణల వరుసగా చెబుతారు. అదే చరిత్రను వైఫల్యాల వైపు నుంచి పరిశీలిస్తే, ఈ వేరుచేసే విద్య ఎలా రూపొందిందో స్పష్టమవుతుంది.

2. టెలిఫోనులో మొదలైన పరీక్ష:
అర్పానెట్‌పై తొలి సందేశం 1969 అక్టోబరు 29న వెళ్లింది. లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి చార్లీ క్లైన్, స్టాన్‌ఫోర్డ్ పరిశోధన సంస్థలో బిల్ డువాల్ రెండు కొసల వద్ద ఉన్నారు. ‘లాగిన్’ అనే ఆంగ్లపదాన్ని అక్షరం తరువాత అక్షరంగా పంపాలన్నది వారి ప్రయత్నం. ‘ఎల్’ చేరింది, ‘ఓ’ చేరింది. మూడవ అక్షరం వద్ద అవతలి కంప్యూటరు నిలిచిపోయింది. లోపాన్ని సవరించి, సుమారు గంట తరువాత మళ్లీ ప్రయత్నించినప్పుడు పని పూర్తయింది.

ఈ ఘట్టంలో గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ఒక్కొక్క అక్షరం చేరిందో లేదో రెండు వైపులవారూ టెలిఫోనులో మాట్లాడుకుంటూ తెలుసుకున్నారు. పరీక్షకు గురవుతున్న మార్గం తన గురించి తాను ఇచ్చే సాక్ష్యం చాలదని, మరో మార్గం ద్వారా దానిని సరిచూడాలని ఆ తొలిరోజే అనుభవంలోకి వచ్చింది. ఫైలు పంపిన ఉద్యోగి అవతలి విభాగానికి ఫోను చేసి “వచ్చిందా?” అని అడగడం నేటికీ కొనసాగుతున్న ఆ పద్ధతే.

3. మూడంకెల సమాధానం:
ఫైళ్ల బదిలీకి తొలి నియమావళిని రచించినవాడు భారతీయుడు. ఐ.ఐ.టి. కాన్పూరు తొలి విద్యార్థులలో ఒకడైన అభయ్ భూషణ్, ఎం.ఐ.టి.లో ఉండగా 1971 ఏప్రిల్ 16న ఆర్.ఎఫ్.సి. 114ను వెలువరించాడు. అప్పటి కంప్యూటర్లకు పరస్పర సామ్యం తక్కువ. కొన్నింటిలో ఒక పదానికి 36 బిట్లు, కొన్నింటిలో 32 బిట్లు ఉండేవి. కొన్ని ఆస్కీ సంకేతాలను, మరికొన్ని ఎబ్సిడిక్ సంకేతాలను వాడేవి. అందువల్ల ఫైలును ఉన్నదున్నట్లు పంపాలా, అక్షరాలుగా మార్చి పంపాలా అనే ప్రశ్న ఆదిలోనే తలెత్తింది.

దోషనిర్ధారణ దృష్టితో చూస్తే ఈ నియమావళి అందించిన అతి విలువైన అంశం మూడంకెల సమాధానాల పద్ధతి. 1974 జూన్‌లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 640 దీనిని సంస్కరించింది. 1985 అక్టోబరు నాటి ఆర్.ఎఫ్.సి. 959 దానికి స్థిరరూపమిచ్చింది. ఇందులో మొదటి అంకె ఫలితాన్ని తెలుపుతుంది: 4 అయితే వైఫల్యం తాత్కాలికం, మళ్లీ ప్రయత్నించవచ్చు, 5 అయితే అదే కోరికను అదే విధంగా మళ్లీ పంపడం వ్యర్థం. రెండవ అంకె దోషస్థానాన్ని తెలుపుతుంది: 2 కనెక్షనుకు, 3 ప్రవేశానుమతికి, 5 ఫైళ్ల వ్యవస్థకు సంబంధించినవి. ఈ లెక్కన 425 అంటే దత్తాంశ కనెక్షను తెరుచుకోలేదని, 530 అంటే లాగిన్ కాలేదని, 452 అంటే చోటు చాలదని, 550 అంటే కోరిన ఫైలు అందుబాటులో లేదని అర్థం. “వెళ్లడం లేదు” అన్న ఒక్క ఫిర్యాదును ఈ పద్ధతి నాలుగు వేర్వేరు సమస్యలుగా విడదీసింది. తరువాతి తరం తెరలు ఈ అంకెలను దాచి “దోషం సంభవించింది” అని మాత్రమే చూపసాగడంతో, ఆ విభజనవల్ల కలిగే ప్రయోజనం సామాన్య వినియోగదారునికి దూరమైంది.

4. అడుగడుగునా సరే, చివరన తప్పు:
దోషం ఏ సంకేతాన్నీ వెలువరించకుండా కూడా ఉండగలదని ఎం.ఐ.టి.లో జరిగిన ఒక సంఘటన నిరూపించింది. సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లో ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసం దీనిని నమోదు చేసింది. అక్కడి స్థానిక నెట్‌వర్కులను కలిపే గేట్‌వేల మధ్య ప్రతి అంచెలోనూ పాకెట్లను చెక్‌సమ్‌తో సరిచూసేవారు. కనుక నెట్‌వర్కు నమ్మదగినదని ప్రోగ్రాములు రాసేవారు భావించారు. అయితే ఒక గేట్‌వే కంప్యూటరు, తనలోకి వచ్చిన దత్తాంశాన్ని బయటికి పంపే చోటికి నకలు చేసేటప్పుడు, సుమారు పది లక్షల బైట్లకు ఒకసారి పక్కపక్కనున్న రెండు బైట్లను తారుమారు చేయసాగింది. తీగ మీద తప్పు లేదు; తప్పు యంత్రం లోపల జరిగింది. కాబట్టి ఏ అంచెలోని చెక్‌సమ్ కూడా దానిని పట్టలేదు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మూలఫైళ్లు పలుమార్లు ఆ గేట్‌వే గుండా ప్రయాణించి కలుషితమయ్యాయి. చివరకు వాటి యజమానులు పాత ముద్రిత ప్రతులను ముందు పెట్టుకుని చేతితో సరిచూసుకోవలసి వచ్చింది.

ఈ అనుభవం నుంచి ఆ వ్యాసకర్తలు తేల్చిన సూత్రం సరళమైనది. ఫైలు సరిగా చేరిందా అనే ప్రశ్నకు పూర్తి సమాధానం రెండు కొసల వద్దనే దొరుకుతుంది. మధ్యలోని రక్షణలు పనిని వేగవంతం చేయగలవు గాని, ఆ చివరి పరీక్షకు ప్రత్యామ్నాయం కాలేవు. పెద్ద ఫైలు పంపిన తరువాత రెండు వైపులా దాని పరిమాణాన్ని, చెక్‌సమ్‌ను పోల్చిచూడడం వెనుకనున్న న్యాయం ఇదే.

5. దారిని పరీక్షించే పనిముట్లు:
కొసలను పరీక్షించినా, మధ్యదారిలో దోషం ఎక్కడుందో తెలియాలి. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనాలయంలో నెట్‌వర్కు వింతగా ప్రవర్తించినప్పుడు మైక్ మూస్ ఒక్క రాత్రిలో ‘పింగ్’ ప్రోగ్రామును రచించాడు. జలాంతర్గాములు ధ్వనిని పంపి, దాని ప్రతిధ్వనిని బట్టి ఎదుటి వస్తువును కనిపెట్టే సోనార్ పద్ధతి దీనికి ప్రేరణ. అతడు తొలి పాకెట్టును పంపేలోపే చెడిన పరికరం బాగుపడింది. పరీక్షకు కారణమైన దోషం ఒక్కరోజులో తొలగిపోగా, పరీక్ష మాత్రం శాశ్వతంగా నిలిచింది.

1986 అక్టోబరులో మరో తరహా వైఫల్యం ఎదురైంది. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకు, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య బదిలీ వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఆ వేగంతో రెండువేల అక్షరాల ఉత్తరం చేరడానికి ఆరు నిమిషాలకు పైగా పడుతుంది. చేతితో తీసుకువెళ్తే అంతకన్నా ముందే చేరుతుంది. ఏ తీగా తెగలేదు, ఏ యంత్రమూ ఆగలేదు. సమాధానం ఆలస్యమైన ప్రతిసారీ కంప్యూటర్లు అవే పాకెట్లను మళ్లీ మళ్లీ పంపుతూ రద్దీని తామే పెంచాయి. వాన్ జాకబ్‌సన్ 1988లో ప్రకటించిన పరిష్కారం ప్రకారం, పంపే కంప్యూటరు మెల్లగా మొదలుపెట్టి, పాకెట్టు పోయిందని గ్రహించగానే వేగం తగ్గించుకోవాలి. దారిలోని ఒక్కొక్క రౌటరును వరుసగా గుర్తించే ‘ట్రేస్‌రూట్’ కూడా 1980ల చివర అతడు రూపొందించినదే. చేరగలమా అనే ప్రశ్నకు పింగ్, ఎంతవరకు చేరామనే ప్రశ్నకు ట్రేస్‌రూట్ సమాధానమిచ్చాయి.

6. లాగిన్ అయినా రాని జాబితా:
1990లలో సంస్థలు తమ నెట్‌వర్కుల చుట్టూ ఫైర్‌వాల్‌లను నిర్మించుకోవడంతో కొత్తరకం దోషాలు పుట్టాయి. ఎఫ్.టి.పి.లో ఆజ్ఞలకు ఒక కనెక్షను, ఫైలుకు మరొక కనెక్షను ఉంటాయి. మొదటిది కార్యాలయం నుంచి బయటికి వెళ్తుంది. రెండవదానిని సర్వరు బయటి నుంచి లోపలికి తెరుస్తుంది. ఏ కంప్యూటరైనా మరో కంప్యూటరును నేరుగా చేరగలిగిన కాలంలో ఇది సహజమైన ఏర్పాటే. ఫైర్‌వాల్‌కు మాత్రం ఆ రెండవ కనెక్షను పిలవని పేరంటంలా కనిపించింది. ఫలితంగా పింగ్ చేస్తే జవాబు వస్తుంది, లాగిన్ కూడా అవుతుంది, ఫైళ్ల జాబితా మాత్రం ఎంతసేపటికీ రాదు. రెండు కనెక్షన్లనూ కార్యాలయం వైపు నుంచే తెరిచే ‘పాసివ్’ పద్ధతిని ప్రధానంగా వాడాలని 1994 ఫిబ్రవరిలో స్టీవెన్ బెల్లోవిన్ ఆర్.ఎఫ్.సి. 1579లో సూచించాడు.

ఇటువంటిదే మరో చిక్కు పాకెట్టు పరిమాణానికి సంబంధించినది. దారిలోని ఒక భాగం పెద్ద పాకెట్టును మోయలేనప్పుడు అక్కడి రౌటరు ఆ సంగతిని పంపినవారికి తెలియజేయాలి. భద్రత పేరుతో ఆ వర్తమానాలను అడ్డగిస్తే, పంపినవారికి తప్పు తెలియదు. చిన్న ఉత్తరాలు వెళ్తాయి, పెద్ద ఫైలు మధ్యలో స్తంభిస్తుంది. 2000 సెప్టెంబరు నాటి ఆర్.ఎఫ్.సి. 2923 ఈ సమస్యను వివరంగా నమోదు చేసింది. రక్షణకోసం చేసిన ఏర్పాటే దోషం గురించి చెప్పే నోటిని మూసివేయడం ఈ దశలోని విశేషం.

7. తెలుగు ఫైలు: బైట్లు చేరినా అక్షరాలు చేరకపోవడం:
పై పరీక్షలన్నీ బైట్లకు సంబంధించినవి. తెలుగు ఫైళ్ల అనుభవం మరో మెట్టును చూపుతుంది. 1991లో భారత ప్రమాణంగా వెలువడిన ఇస్కీ సంకేతపట్టికలో ఆంగ్లాక్షరాలు మొదటి సగంలోను, భారతీయ లిపుల అక్షరాలు ఎనిమిదవ బిట్టుతో గుర్తించే రెండవ సగంలోను ఉన్నాయి. 1982 నాటి ఈమెయిలు నియమావళి ఏడు బిట్లకే హామీ ఇచ్చింది. ఎనిమిదవ బిట్టు దారిలో రాలిపోతే ఆంగ్ల వాక్యాలు చెక్కుచెదరవు. తెలుగు వాక్యాలు మాత్రం అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా మారుతాయి. అదే ఫైలును ఆంగ్లం మాత్రమే చదివే వ్యక్తి పరీక్షిస్తే “సరిగానే వచ్చింది” అని తీర్పునిస్తాడు. 1992లో వచ్చిన మైమ్ పద్ధతి ఈ చిక్కును చాలావరకు తొలగించింది.

డీటీపీ ఫాంట్లలో సమస్య ఇంకా లోతైనది. వాటిలో తెలుగు అక్షరభాగాలను ఆంగ్లాది సంకేతస్థానాలలో అమర్చారు. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు ఫైలు ఒక్క బైటూ పోకుండా చేరుతుంది, చెక్‌సమ్ సరిపోతుంది, అయినా తెలుగు కనిపించదు. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు ప్రత్యేకస్థానం లభించినా, ముద్రణారంగం పాత ఫాంట్లలోనే చాలాకాలం కొనసాగింది. ఆ ఫాంట్లలో కూర్చిన గ్రంథాలను నేటి పరిశోధకులు చదవాలన్నా, అందులో ఒక పదాన్ని వెతకాలన్నా ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవలసిందే. మార్పిడిలో ఒక వత్తు, ఒక గుణింతం తప్పినా ఏ యంత్రమూ హెచ్చరించదు. దానిని పట్టుకోగలిగేది మూలప్రతిని పక్కన పెట్టుకుని చదివే తెలుగు పాఠకుడే.

8. ముగింపు:
టెలిఫోను సంభాషణ నుంచి మూడంకెల సమాధానం వరకు, చెక్‌సమ్ నుంచి పింగ్, ట్రేస్‌రూట్‌ల వరకు ప్రతి పద్ధతీ ఒక ప్రత్యేకమైన ప్రశ్నకే సమాధానమిస్తుంది. ఒకదాని సమాధానాన్ని మరొకదానికి వర్తింపజేసినప్పుడే దోషనిర్ధారణ దారితప్పుతుంది. పింగ్‌కు జవాబు వచ్చినంత మాత్రాన ఫైలు చేరినట్లు కాదు. ఫైలు చేరినంత మాత్రాన పాఠం చేరినట్లు కాదు. ఎం.ఐ.టి.లో పాత ముద్రిత ప్రతులతో ఫైళ్లను సరిచూసుకున్నవారు చేసిన పనికి, తాళపత్రాలను పోల్చి శుద్ధప్రతిని నిర్ణయించే పరిష్కర్తల పనికి స్వభావంలో తేడా లేదు. పాత ఫాంట్లలోని తెలుగు గ్రంథాలు యూనికోడ్‌లోకి మారుతున్న కాలంలో, ఆ చివరి పరీక్షను యంత్రానికి వదిలివేయకుండా నిర్వహించవలసిన బాధ్యత వాటిని చదవగలిగిన పరిశోధకులదే.