తడిసిన గ్రంథమునకు రెండు దినములే గడువు

1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, తరువాతి యేండ్లలో, చెదలపాలగుచున్న తాళపత్ర గ్రంథములను సేకరించి, జీతములిచ్చి పండితులచే ప్రతులు వ్రాయించెను. ఒక ప్రతి నశించినను మరియొకటి మిగులునట్లు చేసిన ముందుచూపది.

చెదలకన్న నీరు వడిగలది. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి, ఫ్లారెన్సు జాతీయ గ్రంథాలయమున లక్షలకొలది సంపుటములను ముంచెను. 2021 నవంబరు 19న కడప జిల్లాలోనే చెయ్యేటి వరదకు అన్నమయ్య జలాశయపు కట్ట తెగెను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరులు పెన్నయొడ్డు పట్టణములు. పులివెందులకు పెన్న దూరమైనను, వానకు మిద్దె కారక మానదు.

తడిసిన కాగితమునకు రెండు దినములలో బూజు పట్టనారంభించును. కావున అద్దుడు కాగితములు, నూలుగుడ్డలు, ప్లాస్టిక్ పట్టలు, చేతితొడుగులు, టార్చిలైటు, ముందుగా కాపాడవలసిన గ్రంథముల పట్టిక ఒక పెట్టెలో సిద్ధముగ నుంచవలెను. తడిసినవానిని ఎండలోగాక నీడలో గాలికి ఆరబెట్టవలెను.

లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను: పెట్టెకగు వ్యయము స్వల్పము, పోయిన గ్రంథమును ఏ జమలోను చూపజాలము.