కందెన ఖరీదు

ఫ్రాన్సు దేశపు మోల్షైమ్‌లో 2005 నుండి 2015 వరకు బుగాటీ వేరాన్ అనే స్పోర్ట్స్ కారు తయారయింది. 16 సిలిండర్ల ఇంజను, గంటకు 400 కిలోమీటర్లు దాటే వేగం. ఆ కారును గురించి చెప్పుకునే వింతలలో నన్ను ఆకర్షించినది వేగం కాదు, ఇంజన్ ఆయిలు ఒక్కసారి మార్చడానికయ్యే ఖర్చు. అది 20 వేల అమెరికా డాలర్ల పైమాటేనని మోటారు పత్రికలు రాశాయి. రూపాయలలో చూస్తే 17 లక్షలకు తక్కువ కాదు.

ఇంతకూ అందులో పట్టే నూనె ఎంత? పదహారు, పదిహేడు లీటర్లు. ఎంత మేలైన నూనె పోసినా దాని ధర ఆ మొత్తంలో ఒక మూలకు రాదు. మరి తక్కిన సొమ్ము దేనికి? ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ పోయి నేను తేలినది మా కృష్ణా జిల్లా మెట్టలో, నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోయే పాత బండ్లబాట మీద. (2022 నుండి ఈ రెండు ఊళ్ళూ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. అయినా మా నోట మెట్ట అంటే కృష్ణా జిల్లా మెట్టే.)

బందరు రేవునూ హైదరాబాదునూ కలిపిన బాట ఇది. బెజవాడ దాటి, కీసర దగ్గర మున్నేటిని దాటి, నందిగామ మీదుగా జగ్గయ్యపేట చేరుతుంది. ఈ పేటను కట్టించినది అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. పేట దాటితే నైజాము రాజ్యం. 1948 వరకు ఇది మద్రాసు పరగణాలకు సరిహద్దు బజారు. సరుకంతా ఎడ్లబండ్ల మీదనే నడిచిన కాలంలో ఈ బాటకు ఇంధనం గడ్డి, చిట్టు, నీళ్ళు. ఇక ఆయిలు అంటే కందెన.

ఈ మాట ఎరుగనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసే చిక్కని నల్లటి ముద్ద కందెన. బండికి ఇరుసు తిరగదు, దాని మీద చక్రం తిరుగుతుంది. ఆ రెండింటి రాపిడిని తగ్గించేది ఈ ముద్దే. వేయకపోతే కిర్రుమనే మోత ఊరంతా వినబడుతుంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత అలా పుట్టినదే. మోత వినోదమే కాని, అరిగేది ఇరుసు. దాని భారం పడేది ఎడ్ల మెడల మీద.

కందెన మార్చడం ఎలాగంటే, బండిని ఒక పక్క ఎత్తి దన్ను పెట్టాలి, ఇరుసు చివరనున్న శీలను ఊడదీయాలి, చక్రాన్ని ఇవతలికి లాగాలి, పాత ముద్దను గోకివేసి కొత్తది పూయాలి. ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. పాతదాన్ని గోకివేయడం అది అయిపోయినందువల్ల కాదు, మలినమైనందువల్ల. ఏటి ఇసుకలో నడిచిన బండికి కందెనలో ఇసుక చేరుతుంది. ఇసుక చేరిన కందెన ఇరుసును కాపాడదు, ఆకురాయిలా అరగదీస్తుంది. నేటి కార్లలో ఆయిలు మార్చడానికీ మూలకారణాలలో ఇదొకటి. లోహపు రజను, మసి, పగిలి పులిసిన నూనె అణువులు చేరి చమురే యంత్రానికి శత్రువవుతుంది.

ఖర్చు మాటకొస్తే, ఆముదాలు చేనిగట్టునో పెరటిలోనో కాసేవి. వేయించి, దంచి, నీళ్ళలో మరగబెట్టి పైకి తేలినదాన్ని తీస్తే వంటాముదం. మసి ఉచితం, చేయి సొంతం. ఇరుసుకూ బండివాని చేతికీ నడుమ అడ్డున్నది ఒక్క శీల.

ఇక్కడి నుండి స్పోర్ట్స్ కారు దగ్గరకు వెళ్ళడానికి దారి నేను అనుకున్నంత దూరం కాదని తేలింది, ఎందుకంటే ఆ దారి కూడా ఆముదం మీదుగానే పోయింది. 1899లో లండనులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కందెనల వ్యాపారం మొదలుపెట్టాడు. మోటార్లకూ విమానాలకూ పనికివచ్చే నూనె కోసం ఆయన సంస్థ ఆముదాన్ని ఆశ్రయించింది. ఆముదానికి ఇంగ్లీషులో క్యాస్టర్ అని పేరు కదా, 1909లో ఆ పేరు నుండే క్యాస్ట్రాల్ పుట్టింది. తరువాత కంపెనీ పేరూ అదే అయింది.

ఆముదం ఎందుకు? దానిలో దాదాపు తొమ్మిది పాళ్ళు రిసినోలిక్ ఆమ్లం. ఆ అణువుకున్న హైడ్రాక్సిల్ సమూహం వల్ల అది తక్కిన నూనెలకంటె చిక్కగా ఉంటుంది, లోహాన్ని వదలక పట్టుకుంటుంది. పైగా పెట్రోలులో సులువుగా కరగదు. మొదటి ప్రపంచయుద్ధపు విమానాలలో సిలిండర్లతో సహా గిరగిరా తిరిగే రోటరీ ఇంజన్లుండేవి. వాటిలో పెట్రోలు ఆవిరి ఇరుసు పెట్టె గుండానే పోయేది, మామూలు ఖనిజతైలాన్ని కడిగివేసేది. ఆముదం నిలిచింది. నిలవడమే కాదు, సగం కాలి పొగతో పాటు బయటికీ చిమ్మేది. ఆ పొగ మింగిన పైలట్లకు మన అమ్మమ్మల వైద్యం ఫలితాన్నిచ్చిందని వేరే చెప్పనవసరం లేదు! యుద్ధావసరానికి భారతదేశపు ఆముదపు గింజలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మా బాటకు పడమట నైజాము రాజ్యపు ఎర్రచెలకలు ఆ పంటకు పేరుమోసినవి. ఏ చెట్టూ లేనిచోట మహావృక్షమని వెక్కిరింపు పడిన మొక్క విమానాలను మోసింది.

పందెపు కార్లు కూడా దశాబ్దాల పాటు ఆ నూనెతోనే పరుగెత్తాయి. కాలిన ఆముదపు వాసన పందెపు మైదానాల వాసనగా పేరు పొందింది. కాని ఆముదానికి ఒక దోషమున్నది. వేడికి గాలి తగిలి జిగురవుతుంది, లోహం మీద లక్కలా గట్టిపడుతుంది. అందుచేత పందెం కాగానే, ఇంజను వేడిగా ఉండగానే దాన్ని దింపివేయాలి. ఖనిజతైలంతో కలపరాదు, ఒకదాని నుండి ఇంకొకదానికి మారాలంటే ఇంజనంతా కడగాలి. వేగానికి కట్టే సుంకం ఆనాడే మొదలైందన్నమాట.

మన బాట మీదకు మరలా వద్దాం. 1954లో టాటా, మెర్సిడెస్ బెంజ్ ఉమ్మడి లారీల తయారీ మొదలైంది. తొమ్మిదవ నంబరు జాతీయ రహదారిగా (ఇప్పుడు 65) మారిన ఈ బాట మీద బండ్ల వరుస లారీల వరుసయింది. లారీకి ఆయిలు మార్చడమంటే కింద పడుకుని చాంబరు బోల్టు విప్పడం, పాతది పట్టడం, ఫిల్టరు మార్చి కొత్తది పోయడం. చేతికీ చమురుకూ నడుమ ఇప్పుడు ఒక బోల్టు. ఖర్చులో పెద్దవాటా ఇంకా నూనెదే.

దిగిన పాత నూనె ఏమయింది? దానికి మన జనం పెట్టిన పేరు మడ్డాయిలు. దాన్ని ఎవరూ పారవేయలేదు. దూలాలకు చెద పట్టకుండా పూశారు, ఎడ్లబండికి కందెన బదులు వేశారు. లారీ ఎంగిలి బండికి వచ్చింది. వంటాముదం కాచే శ్రమ తప్పింది కనుక రైతుకు అది లాభమే అనిపించింది. అయితే ఆముదపు కందెన నేల మీద పడితే నేలలో కలిసిపోయేది. మడ్డాయిలులో సీసం వంటి లోహాలు, కాలిన విషాలు ఉంటాయి. ఇరుసు నుండి కారి చేనిలోకి, వానకు ఏటిలోకి చేరినదాన్ని ఎవరూ లెక్క కట్టలేదు. పాత నూనెను తిరిగి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదేనన్న నియమం మన దేశంలో 2024 ఏప్రిలు నుండి గాని అమలులోకి రాలేదు.

ఇప్పుడు ఆ 17 లక్షల సంగతి. వేగంగా మలుపు తిరిగేటప్పుడు చాంబరులోని నూనె ఒక పక్కకు తన్నుకుపోతుంది; పంపు నూనెకు బదులు గాలి పీలుస్తుంది; క్షణాలలో ఇంజను పట్టేస్తుంది. అందుకని స్పోర్ట్స్ కార్లలో నూనెను అడుగున నిలవనీయక, పంపులతో తోడి వేరే తొట్టిలో దాస్తారు. దీన్ని డ్రై సంప్ అంటారు. నూనె ఒకచోట ఉండదు కనుక ఒక బోల్టుతో దిగదు. వేరాన్‌కు అటువంటి బోల్టులు 16 అనీ, వాటిని చేరడానికి వెనుక చక్రాలు, వాటి లోపలి తొడుగులు, ఒంటి మీది రేకులు విప్పాలనీ, పని ఒక రోజుకు పైగా పడుతుందనీ చెబుతారు. యజమాని చెల్లించేది ఈ విప్పడానికీ, బిగించడానికీ, అది తెలిసిన కొద్దిమంది చేతులకూ. శీలకు బదులు కారంతా అడ్డువచ్చింది.

కనుక నాకు తోచినది ఇది: చమురు మార్పిడి ఖరీదును నిర్ణయించేది చమురు కాదు, చేతికీ ఇరుసుకూ నడుమనున్న దూరం. కోటీశ్వరుడు ఆ దూరాన్ని సరదాకు కొనుక్కున్నాడు, కొననీయండి. మనం కొనే మామూలు కార్లలో కూడా అడుగు రేకులు పెరిగి, గుర్తులు చెరిపే కంప్యూటర్లు చేరి, నందిగామ రోడ్డు పక్కన పానా పట్టే మనిషికి ఏటేటా ఒక పని చేజారుతున్నదే, నా చింత దాని గురించి. బెజవాడ ఆటోనగర్ దాకా వ్యాపించిన విద్య అది. బడిలో నేర్చినది కాదు, బండి కింద పడుకుని నేర్చినది.

ఆముదం మాత్రం ఇరుసును విడిచిపెట్టలేదు. నేడు చక్రాల బేరింగులలో కూరే లిథియం గ్రీజుకు ఆధారం హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లం. దాన్ని తీసేది ఆముదం నుండే. 1940ల నుండి లోకమంతటా వాడుకలో ఉన్న గ్రీజు అది. ఎర్రచెలకలో పండిన గింజ కర్మాగారాలు తిరిగి డబ్బాలోకి వచ్చి, జగ్గయ్యపేట దుకాణంలో గ్రీజు పేరుతో అమ్ముడవుతున్నది. కొనేవానికి అది కందెన అని తెలియదు. ఆముదం పండించిన రైతుకూ తెలియదు.