కొట్టు మూశాక ఇంటి సంగతి

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో అక్షరాలు దిద్దుకుంటూనే సారా కొట్టు మూయించిన సంగతి మీకు తెలుసు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. అయితే కొట్టు మూసినంత మాత్రాన మనిషికి అలవాటు పోదు కదా!

అంతకు ముందే, 1980లో, పక్కనున్న మద్రాసులో శాంతి రంగనాథన్ గారు తాగుడు మాన్పించే వైద్యశాల ప్రారంభించారు. తాగుడు వల్లే భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు ఆమె. అందుకేనేమో, అక్కడ రోగికే కాక ఇంటివారికీ విడిగా తరగతులు పెట్టారు. అతను తాగడానికి తాను కారణం కాదని భార్యకు తెలియాలి. సగం వైద్యం అదే అంటాను నేను.

ఇక దెబ్బల మాట. తాగుడు మానితే చెయ్యి చేసుకోవడం దానంతటదే ఆగుతుందని నమ్మకండమ్మా. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి ఉన్నారు. భర్తకు వైద్యం జరుగుతున్నా సరే, ఆ అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. వెళ్లలేకపోతే 181కి ఫోను చేయండి.