హెబ్రోను ‘బ్రదర్’

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, అశోక్ నగర్‌ల నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటి ముషీరాబాద్ వైపు వెళితే గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను వస్తుంది. 1950లో మొదలైన ఈ మందిరానికి 2025తో 75 ఏళ్లు నిండాయి. దీన్ని నిలబెట్టిన భక్త్ సింగ్ తెలుగువారు కాదు, పాస్టర్ పట్టా పుచ్చుకున్నవారూ కాదు. విశ్వాసులకు ఆయన ‘బ్రదర్’, అంతే.

1903 జూన్ 6న పంజాబ్‌లోని జోయియా గ్రామంలో, సిక్కు కుటుంబంలో పుట్టారు. మిషన్ స్కూల్లో బహుమతిగా ఇచ్చిన బైబిలును చింపేసి, అందమైన అట్ట మాత్రం దాచుకున్న కుర్రాడాయన. ఇంజనీరింగ్ చదువు కోసం లండన్ వెళ్లి, అక్కణ్నుంచి కెనడా చేరారు. 1929లో విన్నిపెగ్‌లో ఓ స్నేహితుడిచ్చిన కొత్త నిబంధనతో మనసు మారింది. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు.

మరుసటేడు బొంబాయిలో దిగగానే తల్లిదండ్రులు ఒక్కటే అడిగారు: ఈ సంగతి గుట్టుగా ఉంచమని. ఆయన ఒప్పుకోలేదు. వీధుల్లో నిలబడి సువార్త చెప్పడం మొదలుపెట్టారు.

1937లో పంజాబ్‌లోని మార్టిన్‌పూర్ అనే క్రైస్తవ గ్రామంలో ఆయన ప్రసంగాల వల్ల వచ్చిన ఆధ్యాత్మిక ఉజ్జీవంతో ఆయన పేరు దేశమంతా పాకింది. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సంఘం ఏర్పడింది. ఆ తరువాతిదే మన హెబ్రోను.

ఇక్కడి పద్ధతులు మిషన్ చర్చిల బెంచీలకు అలవాటు పడ్డవారికి కొత్త. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. ఆరాధన గంటల తరబడి సాగుతుంది. అది ముగిశాక ప్రేమవిందు: అందరికీ అదే అన్నం, అదే బంతి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కులం తేల్చే ఊళ్ల నుంచి వచ్చినవారికి ప్రసంగం కన్నా ఆ బంతిభోజనమే ఎక్కువ చెప్పింది. మహాసభలప్పుడైతే పందిళ్ల కింద వేలమంది. రోజుల తరబడి వంటశాలలో పొయ్యి ఆరేది కాదు. వాక్యాలు రాసిన బ్యానర్లు పట్టుకుని, పాటలు పాడుతూ వీధుల్లో ఊరేగింపుగా వెళ్లేవారు. ఇంత ఖర్చుకూ చందాల విజ్ఞప్తి ఉండేది కాదు. అవసరం ఎంతదైనా ప్రార్థనలోనే చెప్పుకోవాలన్నది బ్రదర్ పట్టు.

చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ వ్యాధి ఆయన్ను మంచానికి పరిమితం చేసింది. హెబ్రోనుకు 50 ఏళ్లు నిండిన 2000లోనే, సెప్టెంబరు 17న కన్నుమూశారు. దూర జిల్లాల నుంచి జనం తరలివచ్చారు. నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో ఆయన్ను సమాధి చేశారు. ఆయన బాటలో వెలసిన సంఘాలను ఎక్కడికక్కడ స్థానిక పెద్దలే నడుపుతున్నారు.