వంకాయ గురించి దేశం జనాన్ని అడిగింది!

ఈరోజు మన ఎపిసోడ్ వంకాయ గురించి. నవ్వకండి! మన కంచంలోకి వచ్చే ఈ వంకాయ మీదే 2010లో దేశమంతా వాదించుకుంది.

విషయం ఏంటంటే, వంకాయకి పెద్ద శత్రువు కాయతొలిచే పురుగు. దానికి మందు కొట్టీ కొట్టీ రైతు విసిగిపోతాడు. అందుకే మహికో కంపెనీ ఒక బ్యాక్టీరియా జన్యువుని వంకాయలోకి ఎక్కించింది. తిన్న పురుగు చచ్చిపోతుంది. అదే బీటీ వంకాయ. 2009 అక్టోబర్ 14న జీఈఏసీ అనే కేంద్ర కమిటీ దీనికి ఓకే చెప్పేసింది.

మరి జనాన్ని అడిగారా? ఈ కమిటీ నడిచేది 1989 నాటి నిబంధనల మీద. వాటిలో జనాన్ని అడిగి తీరాలన్న రూలే లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది కూడా ఆ దారిలోనే. బీటీ వంకాయ పరీక్షల వివరాలైతే, సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, కోర్టుల దాకా వెళ్తేగానీ 2008లో బయటికి రాలేదు.

అప్పుడు పర్యావరణ మంత్రి జైరాం రమేశ్. ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకి వెళ్లినాయన. కమిటీ చెప్పిందని సంతకం పెట్టకుండా, "ముందు జనాన్ని అడుగుదాం" అనుకున్నారు. 2010 జనవరి 13 నుంచి ఫిబ్రవరి 6 దాకా ఏడు నగరాల్లో సభలు పెట్టారు. అందులో మన హైదరాబాద్ కూడా ఉంది. రైతులు, శాస్త్రవేత్తలు, డాక్టర్లు, మామూలు జనం కలిపి సుమారు 8,000 మంది వచ్చారు. అరుపులు, గొడవలు కూడా అయ్యాయి. సైన్స్‌ని సభల్లో తేలుస్తారా అని కొందరు శాస్త్రవేత్తలు కోప్పడ్డారు. ఇచ్చిన సమాచారం సరిపోదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది.

ఫిబ్రవరి 9న మంత్రి బీటీ వంకాయని ఆపేశారు. ఆ తర్వాత జీఈఏసీ పేరులో 'ఆమోదం' అన్న మాట పోయి 'మదింపు' అన్న మాట వచ్చింది. 2013లో బంగ్లాదేశ్ ఇదే వంకాయకి అనుమతి ఇచ్చింది. అందుకే ఆపడం రైటా తప్పా అన్న వాదన ఇంకా తెగలేదు.

నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఆరోజు జనాన్ని అడిగింది ఒక మంత్రి ఇష్టం కొద్దీ, రూల్ ఉండి కాదు. అందుకే 2022లో జీఎం ఆవాలకి కమిటీ పచ్చజెండా ఊపినప్పుడు అలాంటి సభలు జరగలేదు. అది సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2024 జులైలో ఇద్దరు జడ్జిలు అనుమతి విషయంలో చెరో మాట చెప్పారు. కానీ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట: అందరితో మాట్లాడి జాతీయ విధానం తయారు చేయాలి.

బీటీ మంచిదని మీరు అనుకోవచ్చు, వద్దని మీ ఫ్రెండ్ అనుకోవచ్చు. ఇద్దరికీ ఆ మాట చెప్పుకునే చోటు ఉండాలి కదా? అది మంత్రిని బట్టి కాదు, చట్టాన్ని బట్టి ఉండాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!